దాచిపెట్టిన బాడిస కోసం బొబ్బిలికి: సీపాప్ సంచితో ఒక రోజు

మా చెల్లెలు పైడి ఒక బుధవారం పొద్దున్నే ఫోన్ చేసి, "అప్పా, మీ మరిది బాడిస దాసీసినాను" అంది. మా వైపు అక్కని అప్ప అనే పిలుస్తారు. మరిది పేరు సింహాచలం. బొబ్బిలి పక్క పల్లెలో వీణలు చేస్తాడు. పనస దుంగని తొలిచి గుల్ల చేసే పనిముట్టే బాడిస. వీణ చేసేవాడికి అది లేకుండా చెయ్యడమంటే రెండు చేతులూ కట్టెయ్యడమే. ఎందుకు దాచావే అంటే ఇలా చెప్పింది. "దుంగ మీద కునుకు తీసినాడు. ఎడం బొటనేలికి నాలుగు కుట్లు పడ్డాయి. ఈసారి ఏలు, మరోసారి సెయ్యి. ఆ మిసను పెట్టుకుని పడుకుంటేనే బాడిస ఇస్తానన్నాను. ఆయనేమో మిసనే వద్దు, సోమారం ఎనక్కిచ్చీస్తానంటన్నాడు." ఈ ప్రయాణానికి కారణం అదీ. చూడాల్సిన చోట్ల జాబితా కోసం వచ్చినవాళ్లకి ఇందులో ఒక్క కోట కూడా దొరకదు. సీపాప్ మిషను కొనుక్కుని, పెట్టుకోలేక అలమరలో పడేసినవాళ్లకి మాత్రం ఏదో ఒకటి దొరుకుతుంది.

విషయం తెలియనివాళ్లకి రెండు ముక్కలు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగడం, మెదడు ఉలిక్కిపడి లేపడం, మళ్లీ ఆగడం, రాత్రంతా ఇదే తంతు. మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు కాదు. పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడే తూలిపోతాడు. సీపాప్ అంటే ముక్కుకి మాస్కు, మాస్కుకి గొట్టం, గొట్టానికి చిన్న పెట్టె. ఆ పెట్టె సన్నగా గాలి నెడుతూ గొంతు మూసుకుపోకుండా కాపాడుతుంది. నేను రెండేళ్లుగా వాడుతున్నాను. నాకీ జబ్బు ఉందని తేలడానికి నాలుగేళ్లు పట్టింది. ఎందుకంటే మన దేశంలో మగవాడు గురక పెడితే అలిసిపోయాడు పాపం అంటారు, ఆడది పెడితే నవ్వుతారు. నవ్వే చోట వైద్యం జరగదు. ఇక లావుగా ఉన్నవాళ్లకే వస్తుందని తీర్పు చెప్పేవాళ్లు మా సింహాచలాన్ని ఒకసారి చూడాలి. మనిషి వీణ తీగెలా ఉంటాడు. వెనక్కి నొక్కినట్టుండే చిన్న దవడ అతనిది, కారణం అదేనన్నాడు డాక్టరు. లావుని తిట్టడానికి జబ్బుని వాడుకోవడం మానండి, అది వైద్యం కాదు, నోటి దురద.

శనివారం పొద్దున్న ఆరూ ఇరవైకి శ్రీకాకుళం కాంప్లెక్సులో రాజాం మీదుగా బొబ్బిలి వెళ్లే బస్సెక్కాను. చిలకపాలెం దగ్గర హైవే దిగి లోపలికి తిరిగితే ఆ రోడ్డు నేరుగా రాజాం, అక్కడినుంచి బొబ్బిలి. మొత్తం రెండున్నర గంటలు. ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకున్నాను. మగవాళ్లకైతే వంద దాటుతుంది. వెనక సీటాయన ఎవరో "ఆడోలందరూ ఊళ్లు తిరగడానికే ఈ బస్సులు" అని గొణిగాడు. "ఇన్నాళ్లూ మీరు తిరిగారు కదా, ఇప్పుడు మేం కూడా చూసొస్తాం, ఊళ్లు అక్కడే ఉన్నాయో లేదో" అన్నాను. బస్సులో నలుగురైదుగురు నవ్వారు. ఆయనా నవ్వేశాడు, అది మాత్రం మెచ్చుకోవాలి.

సీపాప్ సంచిని ఎప్పుడూ ఒళ్లోనే పెట్టుకుంటాను. డిక్కీలో వెయ్యను. బయల్దేరే ముందు తేమ కోసం ఉండే నీళ్ల తొట్టి ఖాళీ చేసి తుడుస్తాను. ఒకసారి మరిచిపోయి సంచి వంచితే ఆ నీళ్లు మోటారులోకి పోయి మరమ్మతుకి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ నేనెవరిమీద ఎంత అరిచానో మా వీధి చెబుతుంది. కండక్టరు సంచిని అదే పనిగా చూసి, "ఏటమ్మా అందులో, కుట్టుమిసనా?" అన్నాడు.

"ఊపిరి మిషను."

"ఆసుపత్రికేటి?"

"కాదు నాయనా, చెల్లెలింటికి. రాత్రి ఉండాల్సొస్తే నిద్ర పట్టాలి కదా."

"నిద్దరక్కూడా మిసనా! మా డ్రైవరుకి డూటీ అయితే సాలు, నిలబడే పట్టీస్తాది" అన్నాడు. నవ్వొచ్చింది. వెంటనే నవ్వు ఆగిపోయింది కూడా. నిలబడి నిద్రపోయే డ్రైవరుని ఎవరైనా ఎప్పుడైనా పరీక్ష చేయించారా? కళ్లు చూస్తారు, రక్తం చూస్తారు. నిద్ర ఎవరు చూస్తున్నారు? కండక్టరుకి ఒక కాగితం మీద జబ్బు పేరు రాసిచ్చాను. ఆయన దాన్ని మడిచి టికెట్ల మిషను వెనక పెట్టుకున్నాడు.

రాజాంలో పది నిమిషాలు ఆపితే స్టాండు బయట టీ తాగాను. బొబ్బిలిలో దిగేసరికి తొమ్మిదికి అయిదు నిమిషాలు తక్కువ. అక్కడినుంచి పల్లెకి షేరాటోలో ఇరవై. ఒక్కరే వెళ్లాలంటే వంద అడుగుతారు, ఎనభైకి వస్తారు. ఆటో అతను "ఈణలు కొనడానికాండి?" అన్నాడు. వీణ చేసేవాడిని చూడడానికి అన్నాను. "సింహాసలం గారింటికా? ఆయన పని ఆపీసినాడు కదండీ. పెళ్లాం పనిముట్లు లాగీసుకుందంట" అన్నాడు. వార్త బస్సు కన్నా ముందే స్టాండుకి చేరిపోయింది.

సింహాచలం వాకిట్లో సగం తొలిచిన పనస దుంగ ముందు కూర్చుని ఉన్నాడు. బొబ్బిలి పద్ధతి వీణలో గుల్లగా ఉండే కుండా, పొడుగాటి దండీ వేరువేరుగా చేసి అతికించరు, ఒకే దుంగలోంచి తీస్తారు. సగంలో వదిలేసి ఎండనిస్తే దుంగ పగులుతుంది, అప్పుడది పొయ్యిలోకే పనికొస్తుంది. అందుకే దానిమీద తడి గోనె కప్పి, గంటకోసారి నీళ్లు చల్లుతున్నాడు. కట్టు కట్టిన బొటనవేలు పైకెత్తి పట్టుకున్నాడు. కళ్ల కింద నల్లటి వలయాలు. "రండొదినా" అన్నాడు. "తిట్టడానికేనా ఇంత దూరం వొచ్చీసారు?"

అందుకే వచ్చాను, ఒప్పుకుంటాను. మిషను వచ్చిన రెండు నెలల్లో నేను ఫోన్లో అన్న మాటలు చిన్నవి కావు. సోమరి అన్నాను, మగ పౌరుషం అన్నాను, పెళ్లాం ప్రాణం తీస్తున్నావన్నాను. ఇప్పుడు ఎదురుగా కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. "ఒక్క వారమైనా వరసగా పెట్టుకున్నావా మరిదీ? నిజం చెప్పు."

"పదిరోజులు పెట్టినాను. పెట్టుకుంటే పొద్దున్నకి తల బద్దలైపోతాదొదినా. పీక నొక్కినట్టు మెలకువొచ్చీస్తాది. పెట్టుకోకపోతేనే నయంగా ఉన్నాది."

"అందరూ మొదట్లో అలాగే అంటారు. అలవాటు చేసుకోవాలి."

"సూడప్పా," అంది లోపలినుంచి పైడి, "నాతో కూడా ఇదే మాట. రోజూ నేనే దగ్గరుండి బిగించీదాన్ని. అర్ధరేత్రి పీకి పారేసీవోడు. మళ్లీ పెట్టీదాన్ని."

అతను లేచి లోపలికెళ్లి, ఉతికిన తెల్లగుడ్డలో చుట్టిన మాస్కు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ముక్కూ నోరూ కలిపి కప్పే పెద్ద మాస్కు. ఎంత శుభ్రంగా ఉంచాడంటే, నాదెప్పుడూ అలా ఉండదు. పట్టీలు ఎలా ఉన్నాయో చూస్తూ గొట్టం తగిలించే మెడ దగ్గరికి వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. అక్కడ వరసగా సన్నటి చిల్లులు ఉండాలి. లేవు. వాటి చోట నల్లగా, నున్నగా, గోరు పెట్టినా ఎత్తు తగలనంత సాపుగా ఏదో నింపి ఉంది. తేనెమైనంలో దీపపు మసి కలిపిన ముద్ద. వీణ మెట్లని నిలబెట్టడానికి వాడేది.

"ఇదేమిటి మరిదీ?"

"సిల్లులొదినా. గాలి పోతన్నాది, సుయ్‌మని. ఇంత కరీదు పెట్టిన మిసను, గాలంతా బయటికే పోతే నాకేటి వస్తాది? సిల్లుంటే మూయాల గదా. రెండో రోజే మూసీసినాను." కాస్త గర్వంగా కూడా అన్నాడు. "ఒక్క పిసరు కూడా పోదు, సూడండి."

"తలనొప్పి ఎప్పటినుంచి?"

అతను ఆలోచించాడు. "ఆ మర్నాటినించే."

మాస్కుని దుంగ పక్కన పెట్టేశాను. ఆ చిల్లులు లీకు కాదు. మనం వదిలిన ఊపిరి బయటికి పోయే దారి అవి. అవి మూస్తే మనిషి తన చెడ్డ గాలినే మళ్లీ పీలుస్తాడు. తల బద్దలవుతుంది, పీక నొక్కినట్టవుతుంది, ఒక్కోసారి అక్కడితో ఆగదు. నిద్రలో అతని చెయ్యి పైకి లేచి మాస్కు పీకిందంటే అది మొండితనం కాదు, ప్రాణం తన్ను తాను కాపాడుకోవడం. నేను ఈ మాట చెప్పగానే పైడి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. "ఓలమ్మా! పీకీసినప్పుడల్లా మళ్లీ నా సేత్తో నేనే బిగించినానే!"

ఇక్కడ నాకు కోపం రాకపోతే నేను మనిషిని కాను. మిషను తెచ్చిన కంపెనీ మనిషి ఈ ఇంట్లో పది నిమిషాలు ఉన్నాడట. ప్లగ్గు పెట్టాడు, మాస్కు బిగించాడు, సంతకం తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. పుస్తకం ఇచ్చాడు, ఇంగ్లీషులో. ఈ చిల్లులు మూయకూడదని అందులో రాసే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. అది చదవలేకపోవడం సింహాచలం తప్పా? ఈ జిల్లాల్లో అమ్మే వస్తువుకి ఈ జిల్లాల భాషలో ఒక్క కాగితం వెయ్యలేరా? చిల్లు మూయకండి, రెండే మాటలు! కొందరు అంటారు, చదువుకోనివాళ్లతో ఇదే గొడవ అని. నేను ఒప్పుకోను. చిల్లు మూయడం ఇక్కడ తరాల చదువు. వీణ గుల్లలో జుట్టంత పగులున్నా నాదం చస్తుంది, దాన్ని వెతికి మూయడంలోనే ఇతని చేతికి పేరొచ్చింది. ఇది అజాగ్రత్త కాదు, తెలిసిన జాగ్రత్త తెలియని చోట పెట్టడం. చెప్పాల్సినవాడు చెప్పలేదు, అంతే.

అయితే కోపంలో నా వాటా కూడా లెక్క చూసుకోవాలి. రెండు నెలలు తిట్టాను కానీ ఒక్కసారైనా ఆ మాస్కు ఫోటో తీసి పంపు అనలేదు. "తప్పు నాది మరిదీ, క్షమించు" అన్నాను. అతను కంగారుపడిపోయాడు. "మీరు తప్పంటే నాకు బయమేస్తాదొదినా. తిట్టండి, అది అలవాటే."

విజయనగరంలో నాకు వైద్యం చేసే ఆసుపత్రి టెక్నీషియన్ ఆవిడకి ఫోన్ చేశాను. ఆ మాస్కు పక్కన పడేయండి, మైనం గీకి మళ్లీ వాడొద్దు, తలనొప్పి సంగతి డాక్టరుకి చెప్పి ఒకసారి చూపించుకోండి అంది. నా సంచిలో పొట్లం విప్పని కొత్త మాస్కు ఉంది, ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్నది. ఫోటో, మిషను మీద ఉన్న అంకెలు పంపితే చూసి, రాత్రి నోరు తెరవకపోతే ఇది సరిపోతుంది, పెట్టి చూడండి అంది. సింహాచలం మీసం తడుముకున్నాడు. "మీసం తియ్యమంటే మాత్రం, బాడిస వద్దు, మిసను వద్దు, మీ అప్పాసెల్లెళ్లిద్దరికీ దణ్ణం." అక్కర్లేదు, పెద్ద మాస్కు కింద మీసం గాలిని వదిలేస్తుంది కానీ దీనికి అంత అడ్డు కాదు, ముక్కు కిందకి వచ్చిన వెంట్రుకలు కత్తిరిస్తే చాలన్నాను. ఆ నాలుగు వెంట్రుకల కోసం కూడా అయిదు నిమిషాలు బేరమాడాడు.

మిగతా చిక్కులన్నీ చిన్నవే, ఒక్కొక్కటే విప్పాం. నీళ్ల తొట్టి అడుగున తెల్లటి పెచ్చు కట్టి ఉంది, బోరు నీళ్లు పోస్తున్నారు. మందుల షాపులో డిస్టిల్డ్ వాటర్ అని అడిగి తెచ్చుకోవాలి, బంకులో బ్యాటరీ నీళ్లు కాదు. ముక్కెండిపోతోందన్నాడు, తేమ అంకె రెండు మెట్లు పెంచాను. మొదటి గాలే ముఖం మీద కొట్టినట్టు వస్తోందన్నాడు. మిషనులో ర్యాంప్ అని ఒకటుంటుంది, గాలిని తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచుతుంది, దాన్ని ఎవరూ తెరిచి పెట్టలేదు, పెట్టాను. గొట్టం మెడకి చుట్టుకోకుండా మంచం తలవైపు కొక్కేనికి వేలాడదీశాం. ఈలోగా పైడి సోళ్ల అంబలి గ్లాసుల్లో పోసి తెచ్చింది, పచ్చి ఉల్లిపాయతో. చోళ్లని, అంటే రాగుల్ని, ఇక్కడ సోళ్లే అంటారు. సింహాచలం రెండు గ్లాసులు తాగాడు.

భోజనం తర్వాత రెండు గంటలకి పడక. అద్దం ముందు కూర్చోబెట్టి, నేను రెండేళ్లుగా ఎలా బిగించుకుంటున్నానో అలాగే అతనికి పట్టీలు లాగి బిగించాను. అతను నా చెయ్యి ఆపాడు. "ఆగండొదినా. ఇప్పుడు గాలి నేదు. పడుకోనూ నేదు. కూకుంటే ముఖం ఒకలాగుంటాది, పడుకుంటే బుగ్గలు జారతాయి. తీగెలు బిగించకుండా మెట్లు పెడతామేటి? తీగె మీద మోత విని కదా మెట్టు ఎక్కడో సూసుకోవాల."

పట్టీలన్నీ వదులు చేసుకున్నాడు. పడుకున్నాడు, మిషను ఆన్ చేయమన్నాడు. కళ్లు మూసుకుని, గాలి చప్పుడు వింటూ, ఎడమ పట్టీ వెంట్రుకవాసి లాగాడు, కుడిది వదిలాడు. ఎక్కడ సుయ్‌మంటే అక్కడికి వేలు వెళ్లింది, బిగించడానికి కాదు, సర్దడానికి. రెండు నిమిషాల్లో ముక్కు పక్కన చప్పుడు పోయింది. చిల్లుల దగ్గర మాత్రం సన్నగా మిగిలింది. "ఇది ఉండాల, అంతే కదా?" అన్నాడు. అంతే అన్నాను. "మీరు మరీ బిగిస్తారొదినా. బిగిస్తే నాదం సస్తాది. మీ బుగ్గలమీద గీతలు అందుకేనేటి?"

రెండేళ్లుగా నా బుగ్గలమీద ఎర్రటి గీతలున్నాయి. గాలి కారుతోందని బిగిస్తాను, బిగించిన కొద్దీ మెత్తటి అంచు మడతపడి ఇంకా కారుతుంది, ఇంకా బిగిస్తాను. నేర్పడానికి వచ్చినదాన్ని మంచం పక్కన పీట మీద కూర్చుని పాఠం విన్నాను.

పది నిమిషాల్లో నిద్రపోయాడు. గురక లేదు. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లలో అతను చప్పుడు లేకుండా నిద్రపోవడం అదే మొదలేమో, పైడి కాసేపు చూసి లేచి వచ్చింది. అతని ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. నావైపు తిరిగి గుసగుసగా "అప్పా, ఉన్నాడా?" అంది. ఆ చిల్లుల దగ్గర అరచెయ్యి పెట్టి చూడమన్నాను. వెచ్చటి ఊపిరి ఆమె చేతికి తగిలింది. తగిలాక కూడా చెయ్యి తియ్యలేదు, అలాగే కూర్చుంది.

మూడూ ముప్పావుకి లేచాడు. తల నొప్పిగా ఉందా అన్నాను. తల అటూ ఇటూ తిప్పి చూసి లేదన్నాడు. రెండో మాటే "బాడిసేదే?"

"ఒక్క కునుక్కే? వారం పడుకో. వారం సూసి ఇస్తాను."

"దుంగ పగిలిపోద్దే!"

"పగిలితే పగలనీ. దుంగలు మళ్లీ వొస్తాయి, ఏళ్లు రావు."

నేను ఎవరివైపూ మాట్లాడలేదు. నా జీవితంలో అది అరుదు. కొత్త మాస్కు అక్కడే వదిలేసి, నా పాతది సర్దుకుని, సాయంత్రం బొబ్బిలి స్టేషనులో విజయనగరం వైపు పాసింజరు పట్టుకున్నాను. గంట పైన పడుతుంది. అక్కడినుంచి శ్రీకాకుళం బస్సులు ఆగకుండా ఉంటాయి. బొబ్బిలిలో రాత్రి ఉండక్కర్లేదు, ఒక్క రోజులో తిరిగి వచ్చేయొచ్చు. ఆ వారమంతా పైడి ఫోన్ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని. మధ్యలో డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చామని మాత్రం ఒక మెసేజి పెట్టింది. ఎనిమిదో రోజు పొద్దున్న తొమ్మిదికి ఫోన్ మోగింది. ఎత్తాను. "ఇను" అంది పైడి, అంతే. తడి కలప మీద దెబ్బ, ఒకటి. ఆగి ఇంకొకటి. తర్వాత వరసగా, ఒకే తూకంలో, ఎక్కడా తడబడకుండా.

"ఎక్కడ దాచావే ఇన్నాళ్లూ?" అన్నాను. "సోళ్ల డబ్బాలో. వారమంతా ఆ డబ్బాలో సోళ్ల అంబలే తాగినాడు, తెలీనేదు" అని నవ్వింది.

ఆ దెబ్బలు విన్నాక ఒకటి తేల్చుకున్నాను. సుఖంగా లేదని మిషను మూల పడేసినవాళ్లని ఇకమీద నేను సోమరులనను. సుఖం చిన్న విషయమని, ప్రాణం ముందు ఓర్చుకోవాలని చెప్పేవాళ్లతో మాత్రం గొడవ పడతాను. పదిరోజులు ఓర్చుకోబట్టే సింహాచలం ప్రమాదం అంచుదాకా వెళ్లాడు. బాధ అనేది శరీరం రాసే ఫిర్యాదు. దాన్ని చదవాలి, కొట్టిపారేయకూడదు. చదవడానికి డిగ్రీలున్నవాళ్లు పది నిమిషాల్లో సంతకం తీసుకుని వెళ్లిపోతే, కట్టు కట్టిన వేలితో, కళ్లు మూసుకుని, చెవి ఒగ్గి చదివినవాడు వీణలు చేసేవాడు. నా బుగ్గలమీద గీతలు ఇప్పుడు సగం పోయాయి.

సీపాప్ దారిలో వెళ్లేవాళ్లకి ఒకే ఒక్క సలహా: మాస్కు చేతికిచ్చిన రోజే, ఇచ్చినవాళ్లని ఇందులో మూయకూడని చిల్లులు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించమనండి. చూపించి, మీకు అర్థమయ్యే భాషలో చెప్పేదాకా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.